బోర్డు చెయ్యి: ఒక డ్రాయింగ్ టీచరు సొంత కేస్ స్టడీ

2023 వేసవిలో రాజమండ్రిలో కొందరు మిత్రులం కలిసి ఒక హాలు అద్దెకు తీసుకుని మా బొమ్మలు పెట్టుకున్నాం. అందులో నావి ఆరు. యూనివర్సిటీలో నాకు మూడేళ్లు సీనియర్ ఒకాయన వచ్చి వాటి ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయన ఏ ఉద్యోగంలోనూ చేరలేదు, బొమ్మలే ఆయన బతుకు. "నీట్‌గా ఉన్నాయమ్మా. చివరి బెంచీలో కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతాయి" అన్నారు. థాంక్స్ అన్నాను. రాత్రి బస్సులో ఇంటికి వస్తుంటే ఆ మాటే మళ్లీ మళ్లీ చెవిలో పడింది. హాల్లో గోడకి పెట్టిన బొమ్మకి చివరి బెంచీ ఎక్కడిది? అంత తేటగా ఎవరికోసం గీస్తున్నాను?

నేను గోదావరి పక్క ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివాను. ఉద్యోగంలో చేరి అప్పటికి 18 ఏళ్లు. చేరిన రోజు నుంచీ ఒకటే లెక్క వేసుకున్నాను: పగలు పాఠం, రాత్రి పెయింటింగ్. ఒకదాని గాలి ఇంకోదానికి తగలకుండా చూసుకుంటే రెండూ నిలబడతాయని. ఆ లెక్క ఎలా తప్పిందో, 2023–24 విద్యా సంవత్సరంలో దాన్ని సరిచేసుకోవడానికి ఏం చేశానో, ఎక్కడ కుదరలేదో ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మనిషి, ఒక్క బడి, ఒక్క సంవత్సరం. తోటి డ్రాయింగ్ టీచర్లు తమ పరిస్థితితో పోల్చి చూసుకోవడానికి పనికొస్తుందని నా ఆశ.

మనం నలుగురం కలిస్తే మొదట వచ్చే మాట టైము లేదని. నిజమే. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో డ్రాయింగుకి పేపరు లేదు. పదో తరగతి దాకా కళలు తప్పనిసరిగా నేర్పాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పినా, టైంటేబుల్లో మన పీరియడ్ మధ్యాహ్నం చివర్లోనే పడుతుంది. డిసెంబరు దాటితే లెక్కలకో సైన్సుకో వెళ్లిపోతుంది. ఎవరు సెలవు పెట్టినా ఆ క్లాసు మనకే. ఆగస్టు 15కి ముగ్గులు, జనవరి 26కి తోరణాలు, తనిఖీ అంటే చార్టులు, గోడల మీద సూక్తులు. ఇవన్నీ నేనూ చేశాను, ఇష్టంగానే చేశాను. కానీ ఆ రాత్రి బస్సులో నాకు తట్టింది టైము సంగతి కాదు, నా చేతి సంగతి.

డాబా మీద 17 కాన్వాసులు

మే నెలలో ఒక పొద్దున్న, ఎండ ముదరకముందే, ఇంట్లో ఉన్న కాన్వాసులన్నీ డాబా మీద పిట్టగోడకి ఆనించి పెట్టాను. ఉద్యోగంలో చేరాక వేసినవాటిలో ఇంట్లో మిగిలినవి 17. చదువుకునేటప్పటివి 5. బోర్డు మీద బొమ్మ బాగా కుదిరితే చెరిపేముందు ఫోన్లో ఫొటో తీసుకోవడం నాకు అలవాటు. ఆ ఫొటోలు కూడా దగ్గర పెట్టుకున్నాను.

17లో 15 బొమ్మల్లో ప్రతి వస్తువు చుట్టూ మూసుకుపోయిన గీత ఉంది. పైన రంగు ఎంత వేసినా ఆ గీత అడుగు నుంచి కనపడుతూనే ఉంది. ఏ వస్తువూ ఇంకోదాని వెనక్కి పోదు. కుండ పక్కన కుండ, మనిషి పక్కన మనిషి. వెలుతురు అన్నిట్లోనూ ఎడమ నుంచే. వెనకాల ఒక పల్చని రంగు తప్ప ఏమీ లేదు. చదువుకునేటప్పటి వాటిలో తప్పులు బోలెడున్నాయి. కానీ భీమిలి దగ్గర వేసిన పడవ బొమ్మలో పడవ ఎక్కడ అయిపోయిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో చెప్పలేం. అదీ నా చెయ్యే వేసింది. చాలాసేపు ఆ పడవ ముందే కూర్చున్నాను.

బోర్డు ఫొటోలు పక్కన పెట్టి చూస్తే సంగతి తేలిపోయింది. 45 నిమిషాల పీరియడ్లో హాజరు, పుస్తకాలు తీయడం, పెన్సిల్ లేదనేవాళ్లకి పెన్సిల్ సర్దడం పోను మిగిలేది అరగంట. అందులో నా బొమ్మ అయిదారు నిమిషాల్లో అయిపోవాలి. సుద్ద ముక్క కొనతో గీస్తే గీత తప్ప ఇంకేమీ మిగలదు. ఒకదాని మీద ఒకటి వస్తే వెనక వాళ్లకి కలిసిపోతుంది కాబట్టి వస్తువులు దూరం దూరంగా పెడతాం. మా క్లాసుల్లో కిటికీలు పిల్లల ఎడమ చేతి వైపు ఉంటాయి కాబట్టి నీడ కుడివైపు వేయడం అలవాటైంది. అన్నిటికన్నా ముఖ్యం, బోర్డు మీద తప్పు పోకూడదు. పోతే 40 పుస్తకాల్లోకి అదే తప్పు ఎక్కుతుంది. అందుకని చెయ్యికి ముందే వచ్చిన బొమ్మే వేస్తాం. రానిది వేయం.

వారానికి 18 పీరియడ్లు, 18 ఏళ్లు. రాత్రి తొమ్మిదింటికి కాన్వాసు ముందు కూర్చునేదీ ఆ చెయ్యే. దానికి "బోర్డు చెయ్యి" అని పేరు పెట్టుకున్నాను. పాఠానికీ పెయింటింగుకీ మధ్య నేను కట్టుకున్న గోడని అది ఎప్పుడో దాటింది. అటు నుంచి ఇటు అలవాటు వచ్చేసింది. ఇటు నుంచి అటు వెళ్లాల్సిన వెతుకులాట మాత్రం వెళ్లలేదు.

పిల్లల వైపు ఏం జరిగిందో జూన్‌లో తెలిసింది. ఎనిమిదో తరగతిలో బోర్డు ముట్టుకోకుండా, "బయట బోరింగు ఉంది కదా, వెళ్లి చూసి వచ్చి వేయండి" అన్నాను. 38 మంది. 30కి పైగా పుస్తకాల్లో ఉన్నది మా బడి బోరింగు కాదు, వాళ్ల ఆరో తరగతిలో నేను బోర్డు మీద వేసిన బోరింగు. మా బోరింగుకి హ్యాండిల్ పక్కకి వంగి ఉంటుంది, మూతికి ఒక గుడ్డపీలిక కట్టి ఉంటుంది. వంగిన హ్యాండిల్ నలుగురు వేశారు. గుడ్డపీలిక ఒక్క పిల్ల వేసింది. ఆ పిల్ల సంగతి మళ్లీ వస్తుంది.

గీత తప్పా?

గీత వల్లే ఇదంతా అని మొదట అనుకున్నాను. అలా కాదని కాపు రాజయ్య గారి బొమ్మలు గుర్తొచ్చాక అర్థమైంది. ఆయన సిద్దిపేటలో డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తూనే బోనాలు, బతుకమ్మ, పల్లె మనుషుల్ని వేశారు. ఆయన బొమ్మకి ప్రాణం గీతే. తెలంగాణలో కథలు చెప్పడానికి వేసే నకాషీ పటాల తీరు అందులో తెలుస్తుంది. కానీ అది చూసి, ఎంచుకుని వేసిన గీత. నాది కంఠస్థమైపోయిన గీత. ఎక్కం అప్పజెప్పినట్టు వస్తుంది.

రాజమండ్రి వెళ్లినప్పుడల్లా దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్తాను. ఆ చిత్రకారుడు 1897లో పుట్టి 1925లో పోయారు. అంత చిన్న వయసులో అంత పని. ఆయన్ని మొదట్లో గుర్తించి ప్రోత్సహించింది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. అడివి బాపిరాజు గారూ కూల్డ్రే శిష్యులే. కూల్డ్రే స్వయంగా బొమ్మలు వేసే మనిషి. ఆ జూన్‌లో గ్యాలరీలో నిలబడి నేను ఆలోచించింది ఆ ఒక్క సంగతే. బొమ్మ మీద మనసున్న పిల్లవాడికి ఎదురుగా, తనూ బొమ్మతో కుస్తీ పడే పెద్ద మనిషి ఒకరు ఉన్నారు. నా పిల్లలకి నేను 18 ఏళ్లుగా చూపించింది కుస్తీ అయిపోయాక మిగిలిన బొమ్మని. అసలు కుస్తీ రాత్రిపూట, తలుపు వేసుకుని, వాళ్లకి కనపడకుండా.

అప్పుడు మూడు నిర్ణయాలు తీసుకున్నాను. ఎనిమిదో తరగతిలో ఒక సెక్షన్‌కి బోర్డు మీద పూర్తి బొమ్మ వేయడం మానేయాలి. బల్ల మీద వస్తువు పెట్టి, వాళ్లలాంటి కాగితం, వాళ్లలాంటి పెన్సిల్ తీసుకుని, బెంచీలో వాళ్ల మధ్య కూర్చుని నేనూ వేయాలి. రెండోది, పెయింటింగుని ఇంటి నుంచి బడికి తేవాలి, లాంగ్ బెల్ అయ్యాక అయిదున్నర దాకా. మూడోది, డ్రాయింగ్ షీటుని పోస్టుకార్డు సైజు ముక్కలు చేసి సంచిలో పెట్టుకుని రోజుకొకటి, రబ్బరు లేకుండా వేయాలి. ఇది శాంతినికేతన్ నుంచి తీసుకున్నది. అక్కడ బొమ్మలు నేర్పిన చిత్రకారుడు నందలాల్ బోస్ చిన్న కార్డుల మీద విడవకుండా బొమ్మలు వేసి శిష్యులకీ స్నేహితులకీ పంపేవారు. భోజనాల డ్యూటీలో నిలబడి ఒక కార్డు వేయొచ్చు, బస్సు కోసం చూస్తూ ఒకటి వేయొచ్చు.

స్టోరు గదిలో సాయంత్రాలు

బడిలో ఎందుకంటే, ఇంట్లో అడుగు పెట్టానంటే ఆ రోజు అయిపోయినట్టే. కుక్కరు, బట్టలు, అత్తయ్య మందులు, పాప హోంవర్కు. రంగులు పల్చన చేసే టర్పెంటైన్ వాసన అత్తయ్యకి పడదు, ఆయాసం వస్తుంది. అంతకుముందు ఏడాది తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి వేయాలని చూశాను. మూడు వారాలు సాగింది. తొమ్మిదింటికి అసెంబ్లీలో కళ్లు మూసుకుపోయేవి. బల్బు కింద కలిపిన రంగు పగటి వెలుతురులో చూస్తే ఇంకో రంగు.

సైన్సు ల్యాబు పక్కన పాత స్టోరు గది ఉంది, పడమటి వైపు కిటికీతో. హెచ్.ఎం. గారిని అడిగితే, "మీ సొంత పని బడిలో ఎలా కుదురుతుందండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. రంగులు, కాన్వాసులు నా ఖర్చు, బడి వేళల్లో ఆ గది తెరవను, ఆగిన పిల్లలు ఎవరైనా చూడొచ్చు, బొమ్మల్లో వస్తువులన్నీ మా బడివే అని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఒప్పుకున్నారు. మీలో ఎవరైనా ఇది చేయదలిస్తే నోటిమాటతో వదిలేయకండి. కొత్త హెచ్.ఎం. వస్తే ఆ కాగితమే దిక్కు.

అందరూ నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగు త్వరగా ఆరుతుంది, ఉద్యోగస్తులకి అదే మేలు అంటారు. నాకు తిరగబడింది. గంట పనికి ప్యాలెట్ మీద పెట్టిన ఆక్రిలిక్ అర్ధగంటకే బిగిసిపోతుంది, రోజూ సగం రంగు వృథా. ఆయిల్ రంగు అయితే నిన్న ఆపిన చోటు ఈ రోజుకీ కాస్త పచ్చిగా ఉంటుంది, అంచులు కలుపుకోవచ్చు. మొదటి పొర బర్న్ట్ అంబరు అనే ముదురు గోధుమరంగుతో పల్చగా వేసేదాన్ని. అంబరులో మాంగనీస్ ఉంటుంది కాబట్టి మిగతా రంగులకన్నా ముందు ఆరుతుంది, మన కోస్తా తేమలో కూడా. టర్పెంటైన్ దాదాపు మానేశాను. పిల్లలు వచ్చిపోయే గది కదా. కుంచెలు ముందు వంటనూనెతో తుడిచి, తర్వాత బట్టల సబ్బుతో కడిగేదాన్ని. ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు: ఆయిల్ రంగుల్లో ఉండే లిన్సీడ్ (అవిసె) నూనెతో తడిసిన గుడ్డలు ఉండలా చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. పక్కనే ల్యాబు. నీళ్ల బకెట్లో ముంచి, మర్నాడు బయట విడివిడిగా ఆరేయించేదాన్ని.

వస్తువుగా మధ్యాహ్న భోజనం వండే పెద్ద డేగిసా ఎంచుకున్నాను. బయట మసి, లోపల తెల్లటి అల్యూమినియం. గీత గీసి రంగు నింపే అలవాటుకి లొంగని వస్తువు అదేననిపించింది. పెన్సిల్ లేకుండా, వెడల్పు కుంచెతో, గుడ్డతో, చీకటి ముద్దల నుంచి మొదలుపెట్టాలని నియమం. మసికి నల్లరంగు వాడలేదు. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ అంబర్ కలిపితే మసిలో ఉండే ఆ చల్లదనం, ఎరుపు రెండూ వస్తాయి.

నియమం పెట్టుకున్నంత మాత్రాన చెయ్యి వింటుందా? పదకొండు సాయంత్రాలు వేశాను. పదకొండో రోజు దూరంగా నిలబడి చూస్తే డేగిసా మూతి చుట్టూ, ఎడమ నుంచి కుడికి, ఎక్కడా తెగకుండా అంచు ఉంది. కుంచెతో గీసిన బోర్డు బొమ్మ.

"అక్కడ గీత లేదు టీచర్"

క్లాసులో మొదటి నెల చాలా టెన్షన్ పడ్డాను. బోర్డు వైపు తిరిగి బొమ్మ వేస్తుంటే పిల్లలు దాన్ని చూస్తూ నిశ్శబ్దంగా ఉంటారు. నేను బెంచీలో కూర్చోగానే ఆ నిశ్శబ్దం పోయింది. "బోర్డు మీద వెయ్యండి టీచర్", "మాకు రాదు టీచర్". పుస్తకాల్లో కొట్టివేతలు, సగం బొమ్మలు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఆ పుస్తకాలు తిరగేసి, "చార్టులేవమ్మా? ఏడాదంతా ఏం చేయించారు?" అని అడిగారు. ఆయనకి సరైన జవాబు చెప్పలేకపోయాను. రెండు సాయంత్రాలు పెయింటింగు మానేసి చార్టులు వేసి గోడకి కట్టాను.

మార్పు ఒక చెంబుతో వచ్చింది. చెంబు మూతి కోడిగుడ్డు ఆకారంలో కనపడాలి కదా, నాది ఒక పక్కకి జారుతోంది. మూడుసార్లు చెరిపాను. పక్కన కూర్చున్న పిల్లవాడు నా కాగితంలోకి తొంగి చూసి, "టీచర్, మీకూ తప్పులొస్తాయాండీ?" అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగా అడిగాడు. వస్తాయి, ఇదిగో చూడు, ఎక్కడ తప్పు పోయిందో నువ్వు చెప్పు అన్నాను. చెంబు వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు, మళ్లీ చెంబు వైపు. "కుడిపక్క కిందకి దిగిపోయిందండీ." నిజమే.

ఆ వారం నుంచి నా కాగితంలో తప్పు పట్టడం వాళ్లకి ఒక ఆట అయింది. నేను అడ్డు చెప్పలేదు. ఎందుకంటే నా తప్పు పట్టాలంటే చెంబుని చూడక తప్పదు. 18 ఏళ్లు "చూసి వేయండి, చూసి వేయండి" అని అరిచినా చూడని పిల్లలు, నా తప్పు కోసం చూశారు. తర్వాత తమ కాగితంలో కూడా అలాగే వెతకడం మొదలుపెట్టారు. అందరూ కాదు. పదిహేను మంది దాకా.

సెప్టెంబరులో డేగిసాని క్లాసుకి తెప్పించాను. ఇద్దరు పిల్లలు మోసుకొచ్చారు, చేతులకి మసి. బోరింగు మూతికి గుడ్డపీలిక వేసిన పిల్ల పెన్సిల్ పొడి వేలితో రుద్దుతూ వేస్తోంది. వెళ్లి చూశాను. ఎడమపక్క అంచు తెల్లగా వదిలేసింది. కుడిపక్క డేగిసా నలుపు, దాని వెనక గోడ నీడ ఒకటే ముద్ద. హద్దు లేదు. నా చెయ్యి దానంతట అదే పెన్సిల్ తీసుకుంది. "ఇక్కడ గీత మర్చిపోయావమ్మా" అన్నాను.

ఆ పిల్ల డేగిసా వైపు చూసి, నా వైపు చూసి, నెమ్మదిగా "అక్కడ గీత లేదు టీచర్" అంది.

జరగమని, ఆ పిల్ల చోట్లో కూర్చుని చూశాను. లేదు. మసి, నీడ కలిసిపోయాయి. డేగిసా అక్కడ ఉందని మనకి తెలుసు కాబట్టి అంచు ఉందనుకుంటాం, అంతే. పెన్సిల్ ఆ పిల్ల చేతిలో పెట్టేశాను.

ఆ సాయంత్రం స్టోరు గదిలో ప్యాలెట్ నైఫ్ తీసుకుని కాన్వాసు కుడిసగం గీకేశాను. పదకొండు సాయంత్రాల పని. బస్సు కోసం ఆగిన పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు. ఒకడు "ఎందుకు టీచర్ పాడు చేసేస్తున్నారు, బాగుంది కదా" అన్నాడు. బాగుంది, కానీ నేను చూసింది ఇది కాదు అన్నాను. పిల్లల ముందు ఒక బొమ్మని నేను చెడగొట్టడం అదే మొదటిసారి. ఆ మర్నాడు, ఇంకో పదిరోజులు, గోడనీ డేగిసానీ ఒకే ముద్దగా వేసి, అందులోంచి వెలుతురు తగిలిన చోటు మాత్రమే పైకి తీశాను. వంట చేసే ఆమె ఒకసారి వచ్చి చూసి, "అడుగు ఇంత శుభ్రంగా ఎక్కడుంటుందమ్మా, రోజూ తోమేది నేను కదా" అంది. అడుగు మళ్లీ వేశాను. ఇన్నేళ్లలో భీమిలి పడవ పక్కన పెట్టగలిగిన మొదటి బొమ్మ అది.

ఆ బొమ్మ విషయంలో ఒకటి దాచకుండా చెప్పాలి. అందులో గట్టి సంగతి నాది కాదు, 13 ఏళ్ల పిల్లది. పిల్లల చూపుని మనం వాడుకోవచ్చా? చాలా రోజులు నన్ను తొలిచింది. చివరికి నాకు నేను పెట్టుకున్న హద్దు ఇది: పిల్లల బొమ్మలోని ఏర్పాటుని, వాళ్లు ఊహించిన దాన్ని తీసుకోను. వాళ్ల వల్ల నేను చూడగలిగినదాన్ని నా కళ్లతో మళ్లీ చూసి వేయొచ్చు, కానీ ఆ సంగతి వాళ్లకి చెప్పాలి. కాన్వాసు పూర్తికాకముందే ఆ పిల్లని పిలిచి చూపించి, ఈ కుడి అంచు నీ వల్లే వచ్చింది అని చెప్పాను. కాన్వాసు వెనక ఆ పిల్ల పేరు, తేదీ రాశాను. పిల్ల కాబట్టి ఇక్కడ రాయడం లేదు. తన కాగితం తనకే ఇచ్చేశాను. దాన్ని దాచుకోవాలని నాకు చాలా అనిపించింది, అయినా ఇచ్చేశాను.

కొత్త కాపీ

నవంబరుకల్లా ఇంకో తిప్పలు వచ్చాయి. సాయంత్రం స్టోరు గదిలో నా బొమ్మ చూసిన పిల్లలు క్లాసులో అన్నిటికీ వేలితో రుద్దడం మొదలుపెట్టారు. పువ్వు వేసినా మసే, పుస్తకం వేసినా మసే. గీత ఎక్కడా లేదు. ముందు నా గీతని కాపీ కొట్టేవాళ్లు, ఇప్పుడు నా గీత లేకపోవడాన్ని కాపీ కొడుతున్నారు. దీనికి నేను సిద్ధంగా లేను. బొమ్మ దాచేసి తలుపు వేసుకుందామా అని కూడా అనిపించింది.

దాచలేదు, వస్తువు మార్చాను. ఒక సైకిలు తెచ్చి వరండాలో నిలబెట్టాం. చక్రం పుల్లల దగ్గర వేలితో రుద్దితే ఏమీ రాదు, అక్కడ గీత ఉంది, సన్నగా, తళతళా. సీటు కింద చీకట్లో గీత లేదు. ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో వాళ్లే తేల్చుకోవాలి. రెండు పీరియడ్లు వాదించుకున్నారు. చైను దగ్గర గీత ఉందా లేదా అని ఇద్దరు పిల్లలు నేల మీద పడుకుని చూశారు.

సంక్రాంతి సెలవులయ్యాక మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లాను. ఈసారి సుద్ద ముక్క కొన వాడకుండా, ముక్క అడ్డంగా పట్టుకుని, డేగిసా మీద వెలుతురు పడే చోట్లు మాత్రమే రుద్దాను. బోర్డు నలుపు మసికీ నీడకీ సరిపోయింది. ఒక్క గీత లేదు. చివరి బెంచీ పిల్లల్ని అడిగితే అందరూ ఒకేసారి "డేగిసా!" అన్నారు. చివరి బెంచీకి తెలియాలంటే గీత ఉండి తీరాలని ఇన్నేళ్లు నమ్మాను. బోర్డు చీకటిది, సుద్ద వెలుతురు. పెయింటింగులో నేను వెతుక్కుంటున్నదే రోజూ నా ఎదురుగా గోడకి ఉంది. స్టోరు గదిలో నేర్చుకున్నది క్లాసులోకి రావడం నా అనుభవంలో ఇదే మొదలు.

కుదరనివి

లోయర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షకి కట్టిన పిల్లలు తొమ్మిది మంది ఉన్నారు. ఆ పరీక్షలో ఫ్రీహ్యాండ్ అవుట్‌లైన్ శుభ్రంగా ఉండాలి. లోయర్ పాసై, 42 రోజుల వేసవి టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ కూడా పూర్తిచేస్తే కొందరికి అదే ఉద్యోగానికి దారి. వాళ్ల దారికి నా ప్రయోగం అడ్డు రాకూడదు. వాళ్లకి విడిగా, పాత పద్ధతిలోనే, మూసిన గీత నేర్పాను. ఇది పరీక్ష కోసం గీసే గీత, బయట వస్తువు దగ్గర ఇలా ఉండకపోవచ్చు అని మాత్రం చెప్పాను. ఇది రాజీయే.

పదో తరగతికి ఏమీ చేయలేకపోయాను. డిసెంబరు నుంచి వాళ్ల పీరియడ్లు పోయాయి. కార్డులు ఇచ్చి ఇంట్లో వేసుకురమ్మంటే, నలుగురు వారం రోజులు తెచ్చి ఆపేశారు. పరీక్షల ముందు వాళ్ల తప్పు ఏమీ లేదు.

నా వైపు లెక్క: గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటూ వచ్చాను. జూలై నుంచి మార్చి దాకా 120 సాయంత్రాలైనా దొరుకుతాయనుకున్నాను, దొరికినవి 71. కాన్వాసులు అయిదు. అందులో మూడు ఉంచుకుంటాను, ఒకటి మళ్లీ తెల్లరంగు వేసి కప్పేశాను, ఒకటి తేలలేదు. కార్డులు 140కి పైన. వాటిలో చాలావరకు మామూలువే, కానీ అవి లేకపోతే సాయంత్రం మొదటి పావుగంట చెయ్యి కదిలేది కాదు. అంతకుముందు ఏడాదికి ఎనిమిది కాన్వాసులు వేసేదాన్ని. సంఖ్య తగ్గింది. ఇంట్లో కూడా భారం పడింది. అయిదున్నరకి బయల్దేరితే ఇల్లు చేరేసరికి చీకటి. మా ఆయన, అత్తయ్య సర్దుకున్నారు కాబట్టి సాగింది. ఆ సర్దుబాటు లేని ఇంట్లో ఇది నడవదు, ఆ మాట చెప్పకుండా ఎవరికీ ఇది చేయమని చెప్పను.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పడమటి కిటికీ వెలుతురు నాకు అందకుండా పోయింది. ఏప్రిల్ అంతా ఎన్నికల ట్రైనింగులు, మేలో పోలింగ్ డ్యూటీ. తేలని కాన్వాసు స్టోరు గదిలోనే ఉండిపోయింది.

2024 జూన్‌లో బడి తెరిచేసరికి వంట షెడ్డుకి కొత్త స్టీలు డేగిసా వచ్చింది. పాతది మూలన బోర్లించి ఉంది. కొత్తదాన్ని తెచ్చి బల్ల మీద పెడితే దానికి సొంత రంగంటూ ఏదీ కనపడటం లేదు. కిటికీ, ఫ్యాను, తెల్ల చొక్కాలు, బెంచీలు, అన్నీ వంగిపోయి అందులోనే ఉన్నాయి. ఇప్పుడు తొమ్మిదిలోకి వచ్చిన పిల్లలు దాని చుట్టూ మూగారు. "ఇది ఎలా వెయ్యాలి టీచర్?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. కాగితాలు పంచి, నేనూ ఒకటి తీసుకుని, రెండో బెంచీలో కూర్చున్నాను.